గుడారములో దోమల పోరు

అడవిలో గుడారము వేసికొని రెండు మూడు రాత్రులు గడపుట నాకు మిక్కిలి ప్రియము. అనంతగిరి, అరకు కొండలలో ఎలుగుబంటికంటె దోమకే నేనెక్కువగా భయపడుదును. నవ్వకుడు! ఎలుగుబంటి తరచుగా మనుష్యుని అలికిడి విని తొలగిపోవును; దోమయో, మనుష్యుని వెదకికొని వచ్చును.

పూర్వము మన్యపు జ్వరమనిన జనులు వణకెడివారు. మలేరియా చెడుగాలివలన కలుగునని నమ్మెడివారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. దోమయే కాదు, పొదలలోని పిడుదులు, కంటికానని చిగర్ పురుగులు బట్టలపై ప్రాకి కుట్టును. చిగర్ కాటువలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము రావచ్చును.

కావున నేను ముందుగా బట్టలనే కవచముగా చేసికొందును. చామంతికి చుట్టమైన ఒక తెల్లని పువ్వులో కీటకములను చంపు గుణము కలదు. కాని ఆ పూలమందు ఎండ తగిలిన త్వరలో నశించును. ఎండకు నిలుచునట్టి పెర్మెత్రిన్ అను మందును ఇంగ్లండులోని రాథంస్టెడ్ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిరి.

నూటికి అరపాలు పెర్మెత్రిన్ గల ద్రావకమును ఆరుబయట దండెముపై వ్రేలాడదీసిన చొక్కా, లాగు, మేజోళ్ళు, గుడారపు గుడ్డ మీద చల్లి, పూర్తిగా ఆరనిత్తును. దాని బలము సుమారు ఆరు ఉతుకుల వరకు నిలుచును. ఇది బట్టలకే గాని ఒంటికి పూయరాదు. చేపలకు, తేనెటీగలకు, పిల్లులకు ఇది విషము. కనుక సెలయేటి దరిని చల్లరాదు. పిల్లలు పెద్దల చేతనే ఈ పని చేయించుకొనవలెను.

ఒకమారు వాన కురియగా మన్యములో ఒక రైతు ఇంట తలదాచుకొంటిని. ఆయన తనకున్న ఒక్క దోమతెరను పిల్లలపై కట్టి, తాను బయట పరుండెను. నా సన్నాహమునంతయు చూచి, "మీరు రెండు రాత్రులుండి పోతారు బాబూ! మేమెక్కడికి పోతాము?" అనెను. నాకు మాట రాలేదు.

ఈ జాతి మందులనే పట్టించిన దోమతెరలను మలేరియాపీడిత గ్రామములలో పంచుట జరిగినది. విహారమునకు పోవువానికి ఈ రక్షణ సౌకర్యము. అచట నివసించువానికి ప్రాణము. మన బట్టలను కాపాడుకొనునప్పుడు, తెరలేని ఆ ఇండ్లను కూడ తలచుకొనుట మన ధర్మము.