నల్ల అడవి నుంచి నల్లమలకు

“తాతా, మీ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయి?”

జర్మనీ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ మనవడు ఇంట్లో అడుగు పెట్టగానే అడిగిన ప్రశ్న అది. మాస్టారు తెల్లబోయారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆంధ్రప్రదేశ్ పటం చూడకుండా బోర్డు మీద గీసేస్తారు. అయినా సరే, నోటికొచ్చిన జవాబు ఒకటే... “ఏమున్నాయి నాయనా, రాళ్ళూ ఎండలూ!”

గిద్దలూరులో ఎవరినడిగినా అదే చెబుతారు. మార్కాపురంలోనూ అంతే. కర్నూలు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాన్ని 1970లో విడదీసి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారినా, పేరు మారినా ‘కరువు ప్రాంతం’ అన్న మాట మాత్రం వదల్లేదు. ఉద్యోగంలో చేరినవాళ్ళు బదిలీ ఎప్పుడా అని చూసే చోట ‘చూడ్డానికి’ ఏముంటాయని!

కొడుకు వచ్చింది కూడా ఊరు చూడ్డానికి కాదు. మాస్టారి భార్య పోయి రెండేళ్ళయింది. ఒంటరి మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఇల్లు కొంటామని ఎవరో ముందుకొచ్చారు. అది అమ్మేసి హైదరాబాదులో చిన్న ఫ్లాటు కొంటే, పక్కనే కూతురు ఉంటుంది, డాక్టర్లుంటారు. ఫోన్లో ఏడాదిగా నడుస్తున్న మాటే. ఈసారి ఎదురుగా కూచుని తేల్చుకుపోదామని వచ్చాడు. వారం రోజులే సెలవు.

మనవడు మాత్రం సెల్‌ఫోన్లో వాళ్ళ ఊరి ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. ఊరి పేరు ఫ్రైబుర్గ్. బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉంది. (గిద్దలూరు బేకరీలోనూ దొరికే బ్లాక్ ఫారెస్ట్ కేకు పేరు ఆ అడవి నుంచి వచ్చిందే.) రెండో నంబరు ట్రామ్ ఎక్కితే చివరి స్టాపు గుంటర్స్‌టాల్. అక్కణ్ణుంచి బస్సులో కాస్త దూరం పోతే కొండకు తీసుకెళ్ళే కేబుల్ కారు. 1930 నుంచీ నడుస్తోంది. పైన షౌఇన్స్‌లాండ్ శిఖరం, 1,284 మీటర్లు. ఆదివారం వస్తే ఊళ్ళో సగంమంది అడవిలోనే ఉంటారట. దారి చీలిన ప్రతిచోటా ఏ బాట ఎక్కడికి పోతుందో చెప్పే బోర్డులు. నడవడానికి టిక్కెట్టు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఊళ్ళో వీధుల అంచున సన్నటి కాలవల్లో నీళ్ళు పారుతుంటాయి, పిల్లలు కాగితం పడవలు వదులుకుంటారు.

నీళ్ళ ట్యాంకరు హారన్ వింటే బిందెలు పట్టుకుని పరుగెత్తే వీధిలో కూచుని మాస్టారు ఆ కాలవల ఫొటో చాలాసేపు చూశారు. తర్వాత ఏదో తట్టింది.

“మీ అడవి పేరేమిట్రా?”

“బ్లాక్ ఫారెస్ట్. అంటే నల్ల అడవి.”

“అదుగో, ఆ కనిపించేది నల్లమల. నల్ల కొండ! పోదాం పద.”

మర్నాడు పొద్దున్నే నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కారు. గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చేసరికి చెట్లు దగ్గరకొచ్చేశాయి. చెలమ, గాజులపల్లి... రైలు అడవిని చీల్చుకుంటూ పోతోంది. ఇక్కడ 1880ల్లో ఇంగ్లీషువాళ్ళు మీటర్‌గేజి లైను వేశారు. లోయ మీదుగా దొరబావి దగ్గర ఎత్తైన వంతెన కట్టారు. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు బొగద దగ్గర పొడుగాటి సొరంగం తవ్వి లైను దారి మార్చారు. దొరబావి వంతెన అడవికి మిగిలిపోయింది. చిన్నప్పుడు ఆ వంతెన మీద రైలు నెమ్మదిగా కదులుతుంటే ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టుకునేవాళ్ళని మాస్టారు చెప్పారు. సొరంగంలో చీకటి పడగానే మనవడు కేక పెట్టాడు. పెట్టె చివర ఎవరో అంతకంటే గట్టిగా బదులు కేక పెట్టారు. ఫ్రైబుర్గ్ ట్రామ్‌లో అలా అరిస్తే ఊరుకోరట!

రెండో రోజు ఓ దెబ్బ తగిలింది. కారు మాట్లాడుకుని దోర్నాల మీదుగా తుమ్మలబయలు వెళ్ళారు, అటవీశాఖ వాళ్ళ సఫారీ కోసం. తీరా వెళితే లేదన్నారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమట, అడవి లోపలికి ఎవరినీ పంపరు. నలభై ఏళ్ళకు పైగా గిద్దలూరులో ఉన్న మాస్టారికి ఆ సంగతి తెలీదు. కొడుకు మొహం ఎర్రబడింది. “కనుక్కోవద్దా నాన్నా!” అన్నాడు. ఆ మాటలో సఫారీ ఒక్కటే లేదని మాస్టారికి తెలుసు.

మనవడికి మాత్రం అది నచ్చింది. వాళ్ళ దేశంలో అడవిలో ఎవరైనా నడవచ్చని ఏకంగా చట్టమే ఉంది. కానీ వాళ్ళ అడవిలో పులి లేదు. ఇక్కడ మనుషులే ఆగాలి. దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్దదైన పులుల అభయారణ్యం ఈ నాగార్జునసాగర్-శ్రీశైలందే. శ్రీశైలం ఘాట్‌రోడ్డును కూడా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. “అంటే రాత్రిపూట రోడ్డు పులిదా తాతా?” అని అడిగాడు వాడు. అవునన్నారు మాస్టారు. వాడు వెళ్ళి స్నేహితులకు చెప్పుకోవడానికి ఆ ఒక్కటి చాలు.

తిరుగుదారిలో మార్కాపురంలో ఆగారు. చెన్నకేశవస్వామి గుడి గాలిగోపురం చూశారు. బజారులో ఒక పలక కొన్నారు. ఒకప్పుడు బడిపిల్లలందరి చేతుల్లోనూ మార్కాపురం పలకే. ఇప్పుడు ఆ రాయిని ఇళ్ళ గోడలకూ నేలకూ పరుస్తున్నారు, విదేశాలకూ పోతోంది. ఏ జర్మన్ ఇంటి గోడమీదైనా ఉందేమో, ఎవరు చూడొచ్చారు!

శనివారం నెమలిగుండం. రాచర్ల మండలంలో జె.పుల్లలచెరువు దాటి అడవిలోకి పోవాలి. శనివారం శనివారం జనం వెళ్ళే చోటు. దారిలో సత్యవోలులో చాళుక్యుల కాలంనాటి రామలింగేశ్వరుడి గుడి దగ్గర కాసేపు దిగారు. పన్నెండు వందల ఏళ్ళ నాటి రాతిగోడ నీడలో ఒక ముసలాయన హాయిగా నిద్రపోతున్నాడు. ఆ తర్వాత మట్టిరోడ్డు, రాళ్ళు, కుదుపులు. కోడలు పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

చివర్లో గుండ్లకమ్మ కనిపించింది. రెండు కొండల మధ్య నుంచి దూకి గుండంలో పడుతోంది. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో తవ్విన గుండమని చెబుతారు. ఒడ్డునే రంగనాయకస్వామి గుడి. రాళ్ళ మధ్య పొయ్యిలు పెట్టి పొంగళ్ళు వండుతున్నారు. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మ మనవడి చేతిలో విస్తరాకు పెట్టి, “తిను నాయనా, ఏ ఊరు మీది?” అంది. వాడు “ఫ్రైబుర్గ్” అన్నాడు. “ఎక్కడ, కనిగిరి పక్కనా?” అంది ఆవిడ!

ఇక్కడే మాస్టారికి తన తప్పు తెలిసింది. ఊళ్ళో చూడ్డానికి ఏమీ లేదన్నారు గానీ పెళ్ళయిన ఏడాది ఎడ్లబండి కట్టించుకుని భార్యతో ఇక్కడికే వచ్చారు. కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించిందీ ఇక్కడే. మొక్కుకని వచ్చారు, స్నానం చేశారు, వండుకు తిన్నారు, తిరిగెళ్ళారు. దాన్ని ‘చూడ్డం’ అనుకోలేదంతే. మన పెద్దవాళ్ళు దేవుడి పేరు లేకుండా కొండ ఎక్కలేదు గానీ ఎక్కడం మాత్రం మానలేదు. భైరవకోన గుహల పక్కన జలపాతం, త్రిపురాంతకంలో కొండమీది గుడి... ఎటు పోయినా దేవుడి వెనకాల ఒక అడవో, నీటిధారో ఉంటుంది.

“నన్నిక్కడికి తీసుకొచ్చారా?” అన్నాడు కొడుకు. వాడికి గుర్తులేదు. మాస్టారు ఒక బండరాయి చూపించారు. “అదిగో, ఆ రాయి మీద కూచునే మీ అమ్మ నిన్ను పట్టుకుంది. గుండు చేస్తుంటే అడవంతా అదిరిపోయేట్టు ఏడ్చావు.” కొడుకు వెళ్ళి ఆ రాయి మీద కూచున్నాడు. అక్కణ్ణుంచి పిలిచేదాకా లేవలేదు.

మనవడు ఒక మోదుగాకు తెంపి నీళ్ళలో వదిలాడు. “ఇది ఎక్కడికి పోతుంది తాతా?” “కంభం చెరువులోకి. రేపు అక్కడికెళ్ళి పట్టుకుందాం!”

ఆదివారం కంభం వెళ్ళారు. దగ్గర్లోనే బెస్తవారిపేట మండలంలో మోక్షగుండం ఉంది. ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఆ ఊరిదే, వాళ్ళ పూర్వీకులు అక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళే. వలస ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

కంభం చెరువు మాత్రం ఎన్నిసార్లు చూసినా కొత్తే. రెండు కొండల మధ్య సందుకి అడ్డంగా ఒక కట్ట. ఎత్తు 57 అడుగులు. వెనకాల సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున నీళ్ళు. కట్టి ఐదు వందల ఏళ్ళవుతోంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. యుద్ధం ముగిశాక రాయలకిచ్చి పంపిన పిల్ల. ఆయనకు దూరమై ఇక్కడే ఉండిపోయిందని కథ. పుట్టిల్లు కాదు, మెట్టినిల్లూ కాదు. ఎవరికీ అక్కర్లేని ఎండల ఊరు. అక్కడ కూచుని ఆవిడ చెరువు కట్టించింది! చరిత్ర పుస్తకాలు ఏమన్నా సరే, కంభం వాళ్ళు ఈ కథ వదులుకోరు. వదులుకోకపోవడమే మంచిది.

మాస్టారు ఎండాకాలం చెరువు అడుగున గొర్రెలు మేయడం చూశారు. వానలు కుదిరిన ఏడు అలుగు పారడమూ చూశారు. ఈసారి నీళ్ళు మధ్యస్థంగా ఉన్నాయి. చెరువు మీద కొంగలు. మనవడు కట్ట మీద వంగి వంగి మోదుగాకు కోసం వెతికాడు. దొరకలేదు. “ఇంకా దారిలో ఉందేమో” అన్నాడు.

సాయంత్రం కట్ట మీదే కొడుకు ఇంటి సంగతి ఎత్తాడు. గట్టిగా కాదు, ముందటిలా కాదు. “ఏమంటారు నాన్నా? వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా.” మాస్టారు మోకాళ్ళు నిమురుకుంటూ ఊరుకున్నారు. నొప్పులు అబద్ధం కాదు. రాత్రిపూట ఖాళీ ఇల్లూ అబద్ధం కాదు. కొడుకు భయం కూడా నిజమే. నెమలిగుండం మెట్లు దిగేటప్పుడు వాడి భుజమే ఆసరా అయింది మరి.

వాళ్ళు బయల్దేరే రోజు మనవడు మార్కాపురం పలక పెట్టెలో పెట్టుకోలేదు. వంకర తెలుగు అక్షరాల్లో దానిమీద నాలుగు పేర్లు రాసి వరండాలో మేకుకు తగిలించాడు: బైరవకోన, త్రిపురాంతకం, సఫారి, దొరబావి. భైరవకోనకు ఒత్తు పెట్టలేదు. మాస్టారు దిద్దబోయి ఆగారు.

వారం తర్వాత హైదరాబాదు నుంచి కూతురు ఫోన్ చేసింది. “ఆ కొనేవాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు నాన్నా. ఏం చెప్పమంటారు?”

“సఫారీ అక్టోబరులో తెరుస్తారటమ్మా. ముందు నువ్వు పిల్లల్ని తీసుకుని దసరాకి రా” అన్నారు మాస్టారు.