నా పనిముట్ల పెట్టె

ఉద్యోగ విరమణము చేసిన తొలి నెలలోనే నాకు ప్రొద్దుపోవుట యెంత కష్టమో తెలిసివచ్చినది. 35 ఏండ్లు గంట మ్రోగినంతనే లేచి, గంట మ్రోగినంతనే కూర్చుండిన వానికి గంటలు లేని దినము మిక్కిలి పొడవుగా తోచును. చిన్ననాడు మా యింటి ప్రక్కనొక వడ్రంగిశాల యుండెడిది. అందు చిత్రిక పట్టునపుడు సుళ్లు తిరుగుచు రాలెడి పలుచని పొరలను చూచుచు నిలిచిపోయి, బడికి ఆలస్యముగా చేరి దెబ్బలు తినిన దినములు కలవు. ఆ ముచ్చట నిప్పుడైనను తీర్చుకొందమని నిశ్చయించితిని. ఆరేండ్ల మనుమనికి కొయ్యబండి చేసి యిత్తునని మాట కూడ ఇచ్చితిని.

పట్టణములోని యొక అంగడిలో 12 పనిముట్లు గల పెట్టె కంటబడినది. సుత్తి, రంపము, నాలుగు ఉలులు, పట్టకారు, కొలత టేపు మొదలైనవన్నియు ఎఱ్ఱని పిడులతో తళతళలాడుచుండెను. వెల 900 రూపాయలు. ఇన్ని వస్తువు లింత చౌకగా నెట్లు వచ్చునని ప్రశ్నింపవలసిన నేను, 900ను 12 చేత భాగించి, ఒక్కొక్కటి 75 రూపాయలే గదా యని సంతోషించితిని.

మూడవనాటికే మామిడిచెక్కమీద ఉలి వాదర మడిగిపోయినది. రంపము గీతను విడిచి తన యిచ్చవచ్చినట్లు నడచినది. ఇదంతయు నా చేతగానితనమే యనుకొంటిని. ఆ సాయంకాలము మేకు కొట్టుచుండగా సుత్తితల పిడినుండి యూడి, చెంతనే కూర్చున్న మనుమని చెవిప్రక్కగా దూసికొనిపోయి గోడకు తగిలినది. అరచేయంత మేర సున్నపు పెళ్ల రాలిపడినది. పిల్లవాడు అది యాట యనుకొని నవ్వెను. నాకు మాత్రము కాళ్లలో సత్తువ పోయినది. గోడ కేమైనదని కోడలు అడిగినపుడు, నా చేయి తప్పినదని మాత్రము చెప్పితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మరునాడా పెట్టెను మోసికొని ఊరి చివరనున్న వృద్ధ వడ్రంగి యొద్దకు పోయితిని. ఊరివారందరివలె నేనును ఆయనను ఆచారిగారనియే పిలుతును. ఆయన మొదట సుత్తి నందుకొనిరి.

“పంతులుగారూ, మంచి సుత్తితలకు రంధ్రము నడుమ సన్నముగను, పైన వెడల్పుగను ఉండును. పిడిని దూర్చి, పైనుండి చీల దిగగొట్టినచో కొయ్య విచ్చుకొని తల బిగిసికొనును. దీనికి చీల యేదీ? జిగురుతో అంటించి రంగు పూసినారు,” అనిరి. పిడి కొయ్యలోని చారలను కూడ చూపిరి. అవి నిలువుగా పిడి పొడుగునను సాగవలెను. అడ్డముగా నున్నచో దెబ్బకు విరుగును. తుమ్మకఱ్ఱ పిడి యైనచో దెబ్బకు బాగుగా నోర్చునట.

పిమ్మట ఉలిని తీసి దాని వాదరపై ఆకురాయి నొకసారి మెల్లగా నడపిరి. ఆకురాయి వెన్నను కోసినట్లు లోనికి దిగినది. గట్టియుక్కుపై నది దిగక జారిపోవును. కర్బనము తగినంత యున్న ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినచో గాజువలె గట్టిపడును. కాని అంత గట్టిదనము కూడ పనికిరాదు, పెళుసై పెచ్చులూడును. అందుచేత దానిని మరల మెల్లగా వేడిచేసి, మెఱుగుపెట్టిన చోట ఎండుగడ్డి రంగు కనబడగానే చల్లార్తురు. ఈ రంగును కనిపెట్టుటలోనే కమ్మరి నేర్పంతయు ఉన్నది. 19వ శతాబ్ది ఆరంభమున కూడ నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రపు ఉక్కు కొఱకు పారసీక వర్తకులు వచ్చెడివారని చదివియుంటిని. ఆ నేలమీద పుట్టినవారము మనము. ఎఱ్ఱపిడిని చూచి మోసపోతిమి!

“ఇక వెనుక భాగము,” అని ఆచారిగారు ఉలివీపుపై ఇనుప బద్దను ఆనించి వెలుతురుకు పట్టిరి. నడుమనుండి వెలుగు కనబడినది. వీపు చదునుగా లేని ఉలికి ఎంత సానపట్టినను వాదర నిలువదు. రెండు తలములు చక్కగా కలిసిన చోటే గదా వాదర.

మూలమట్టము సంగతి వచ్చినపుడు నేను నిజముగా సిగ్గుపడితిని. నేను తెలుగు పండితుడనే యైనను, గణితోపాధ్యాయుడు సెలవు పెట్టిన దినములలో లంబకోణము నేనే బోధించియుంటిని. అంగడిలో మూలమట్టము సరియైనదో కాదో యెట్లు తెలియునని అడుగగా ఆయన ఒక బల్లచెక్క తీసిరి. దాని తిన్నని అంచునకు మూలమట్టమును ఆనించి గీత గీసిరి. పిమ్మట దానిని తలక్రిందుగా త్రిప్పి, అదే బిందువునుండి మరియొక గీత గీసిరి. రెండును ఒకదానిపై నొకటి పడినచో 90 డిగ్రీలు సరి. విడిపోయినచో, వాని నడుమనున్న ఎడము తప్పునకు రెట్టింపుగా కనబడును. ఒక డిగ్రీ తప్పు రెండు డిగ్రీలై పట్టుబడును. తప్పు దాగక రెట్టింపై బయటపడునట్లు చేసెడి ఇంత సులభమైన పరీక్షను నేనే పాఠ్యగ్రంథమునందును చూచి యెఱుగను. మీరు మీ జ్యామితి పెట్టెలోని మూలమట్టముతో నేడే చేసి చూడవచ్చును.

రంపమును కొనునపుడు అలుగును కొంచెము వంచి విడువవలెను. అది మరల తిన్ననగును గాక! పండ్లు ఒకటి కుడికి, ఒకటి యెడమకు సమముగా వంగియుండవలెను. అట్లుండినచో కోత అలుగుకంటె కొంచెము వెడల్పై, రంపము చిక్కుకొనదు. నా రంపపు పండ్లలో ఎక్కువ భాగము ఒక ప్రక్కకే ఒరిగియుండెను. అది వంకరగా నడచుటలో నా తప్పు లేదని తెలిసి కొంత ఊరట కలిగినది.

“ఎన్ని కొనవలెను?” అని అడిగితిని. అర అంగుళము ఉలి యొకటి, అంగుళము ఉలి యొకటి, రంపము, సుత్తి, మూలమట్టము, సానరాయి, ఇంతే చాలుననిరి. చేతిసొమ్ము తక్కువైనచో సానరాయిని మాత్రము మానవలదనిరి. పూర్వ మొకసారి విద్యార్థులను కొండపల్లికి తీసికొనిపోయినపుడు, తెల్లపొణికి కఱ్ఱను చెక్కుచున్న కళాకారుని ముందు నాలుగైదు పనిముట్లే యుండుట చూచి పేదఱికమనుకొంటిని. ఆ తలంపు ఎంత తెలివిమాలినదో ఆనాడు బోధపడినది.

ఉలులు రెండును పాత ఇనుము అంగడిలో దొరికినవి. త్రుప్పుపట్టి పిడులు లేక పడియున్న వానికి తూకము లెక్కన 60 రూపాయలే యైనది. ఆకురాయి వానిపై జారిపోయినపుడు నాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు. వారము దినములు సానపట్టితిని; తుమ్మకఱ్ఱ పిడులు నేనే తొడిగితిని. సుత్తిని మాత్రము క్రొత్తదే, చీల చూచి, మంచి వెల యిచ్చి కొంటిని.

బండి రెండు నెలలకు పూర్తియైనది. ఒక చక్రము కొంచెము ఊగును. ఆనాడే సుత్తి సంగతి కోడలితో చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, నేను పనిచేయునపుడు పిల్లవాడు రెండు బారల దూరమున కూర్చుండవలెనని నియమము పెట్టినది. వాడు ప్రతిదినమును ఆ దూరమును కొలత టేపుతో కొలిచి మరీ కూర్చుండుచున్నాడు. ఆ ఎఱ్ఱపిడుల పెట్టెలో నేటికిని పనికివచ్చుచున్నది ఆ టేపొక్కటియే.