మోటరు ఆగినప్పుడు కాదు, తిరుగుతున్నప్పుడు కొలవండి

మిరప పూత మీదున్నప్పుడు నాలుగు రోజులు తడి లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పూత రాలుతుంది, పిందె నిలవదు, ముందు కోతలో రావాల్సిన కాయ రాదు. అలాంటి టైములో మా బాబాయి బోరు మోటరు నలభై రోజుల్లో రెండుసార్లు కాలిపోయింది. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. లాగడానికి, వైండింగుకు, మళ్లీ దించడానికి అయిన ఖర్చు ఒకెత్తు, ఆ వారం రోజులు ఎండిన చేను ఒకెత్తు.

చేను మా పర్చూరు వైపు నల్లరేగడి. మూడెకరాల మిరప, పక్కనే రెండెకరాల పత్తి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరుకు మూడొందల యాభై మీటర్ల దూరం.

మొదటిసారి కాలినప్పుడు తప్పంతా వైండింగ్ షాపు ఆయనదే అన్నారు. రెండోసారి కాలేసరికి పక్కచేను ఆయన మీద పడ్డారు. ఆయనకు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే ఆయన మోటరు ముందు లేస్తుంది, మా వోల్టేజీ మొత్తం వాడే లాగేస్తున్నాడని బాబాయి పంతం. ఇరవై ఏళ్లుగా ఒకే గట్టు మీద కూర్చుని చద్దన్నం తిన్న మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. నిజం చెప్పొద్దూ, మోటరు కాలినదానికంటే నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి లేస్తే ఆ నిమిషం వోల్టేజీ కుంగే మాట నిజమే. కానీ అది అందరికీ కుంగాలి, మూడు ఫేజుల్లోనూ కుంగాలి. ఒక్క బాబాయి మోటరే ఎందుకు కాలుతుంది?

మీటరు తీసుకుని వెళ్లాను. స్టార్టరు దగ్గర మోటరు ఆపి కొలిస్తే మూడు ఫేజుల మధ్యా 412. బ్రహ్మాండంగా ఉంది. బాబాయి కూడా, "చూశావా, కరెంటు బానే ఉందిరా, మోటరే దొంగది" అన్నాడు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. డ్రిప్పు పైపు మధ్యలో సగం మూసుకుపోయిందనుకోండి. చివర వాల్వు కట్టేసి గేజు చూస్తే ప్రెషరు నిండుగా చూపిస్తుంది. వాల్వు తిప్పి నీళ్లు పారనిస్తేనే ముల్లు పడిపోతుంది. వైరు సంగతీ అంతే. కరెంటు పారనప్పుడు వోల్టు ఎక్కడా పోదు.

మోటరు వేసి కొలిచాను. ఆర్-వై మధ్య 398, వై-బీ మధ్య 381, బీ-ఆర్ మధ్య 379. క్లాంప్ మీటరు తగిలిస్తే ఆర్ ఫేజు 9.1 ఆంపులు, వై 8.8, బీ మాత్రం 7. బీ ఉన్న రెండు లెక్కలూ తగ్గాయంటే రోగం బీ ఫేజులోనే. మూడు వోల్టేజీల సగటు 386, అందులో 12 తేడా అంటే మూడు శాతం చిల్లర. మూడు శాతమే కదా అనుకోకండి. వోల్టేజీలో చిన్న తేడా కరెంటులో దానికి ఎన్నో రెట్ల తేడా అవుతుంది. బలమైన రెండు ఫేజులు మూడోదాని బరువు కూడా మోస్తాయి, ఆ వైండింగులు లోపల వేడెక్కుతాయి. బోరు లోపల ఉన్న మోటరు పొగ మనకు కనపడదు, వాసన రాదు. కాలాకే తెలుస్తుంది. ఓవర్‌లోడ్ రిలే పట్టుకోవాలి కదా అంటారా? ఎవరో దాన్ని 12 ఆంపుల మీదకు తిప్పి పెట్టారు, మాటిమాటికీ ట్రిప్పు అవుతోందని. అది అరుస్తుంటే దాని నోరు మూశారన్నమాట.

ఇక వైరు వెంట వెనక్కి నడిచాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, మోటరు తిరుగుతుండగా, 410, 409, 409. నూట యాభై మీటర్ల దగ్గర స్తంభం మీదున్న అతుకు దగ్గర 405, ఇంచుమించు మూడూ సమానం. గట్టు మీద వేపచెట్టు దగ్గర రెండో అతుకు దాటాక 400. అక్కడిదాకా తగ్గుదల న్యాయమైనదే. పది స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వైరు కిలోమీటరుకు మూడు ఓములు పైచిలుకు. మూడొందల యాభై మీటర్లకు ఒక ఓము, ఎనిమిది ఆంపులకు ఫేజుకు ఎనిమిదిన్నర వోల్టులు, ఫేజుల మధ్య చూస్తే పన్నెండు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 410, స్టార్టరు దగ్గర 398, లెక్క సరిపోయింది. అంటే తేడా అంతా వేపచెట్టుకూ స్టార్టరుకూ మధ్య అరవై మీటర్లలో ఉంది. అది భూమిలో పూడ్చిన ముక్క. (ఈ కొలతలు తీసింది ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, కాళ్లకు చెప్పులతో, ఎండిన చెక్క మీద నిలబడి. తడి చేలో ఉత్త కాళ్లతో నడుస్తున్న కరెంటును ముట్టుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె అసలే ఎక్కకండి. ఫ్యూజు వేయబోయి పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. లైన్‌మేన్ ఆలస్యం చేస్తే 1912కి ఫోన్ చేయండి.)

"అందులో అతుకే లేదు, నేనే పూడ్చా" అన్నాడు బాబాయి. గంటసేపు మోటరు నడిపి, లైన్‌మేన్‌తో ఫ్యూజులు తీయించి జేబులో పెట్టుకున్నాక, వైరు పోయిన దారంతా చూసుకుంటూ నడిచాం. పొద్దున్నే తడిపిన నేల. ఒక్క చోట మాత్రం జానెడు మేర ఆరిపోయి ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తవ్వితే అడుగు లోతున అతుకు. ఎప్పుడో దుక్కి దున్నేటప్పుడు నాగలి తగిలి తెగితే, డ్రైవరు చెప్పకుండా రాగి వైరు ముక్క కలిపి, మెలితిప్పి, టేపు చుట్టి పూడ్చేశాడు. రాగీ అల్యూమినియమూ తడిలో కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి పొడి పడుతుంది. దానికితోడు మన రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ప్రతి బీటా ఆ అతుకును ఇటూ అటూ లాగుతుంది. ఆర్, వై ఫేజుల మెలికలు ఇంకా గట్టిగా ఉన్నాయి. బీ ఫేజుది బొగ్గయింది. అక్కడ పోయే ఇరవై వోల్టులను ఏడు ఆంపులతో గుణిస్తే 140 వాట్లు. పూడ్చిన చోట పాతకాలం పెద్ద బల్బు ఒకటి వెలుగుతున్నట్టే లెక్క.

ఈ బాధ మనకొక్కరికే అనుకోకండి. జర్మనీలో ఎల్‌జీబీ అనే పేరుతో 1968 నుంచి తోటల్లో నడిపే బొమ్మరైళ్లు వస్తున్నాయి. పట్టాలు ఇత్తడివి, వాటిలోంచే రైలుకు కరెంటు. పట్టా పట్టా కలిసే అతుకు వానకు, మట్టికి మసిబారితే సరఫరా దగ్గర పరిగెత్తిన రైలు తోట ఆ చివర నత్తలా పాకుతుంది. వాళ్లు చేసేదీ ఇదే, బండిని నడుపుతూ అతుకు అతుకు దగ్గరా కొలుస్తారు. తర్వాత పట్టాలను నమ్మకుండా పక్కన లావు వైరు వేసి, అక్కడక్కడా పట్టాకు కలుపుతారు. వాళ్లది సరదా, మనది పంట. వోల్టు పోయే దారి మాత్రం ఒకటే.

2004లో ఉచిత కరెంటు వచ్చాక వ్యవసాయ సర్వీసుకు మనకు బిల్లు పోటు లేదు. మంచిదే, దానివల్లే చాలా చేలు బతికాయి. కాకపోతే, దారిలో పోయే కరెంటుకు ఎవరూ లెక్క చూడరు. బిల్లు వచ్చే ఇంట్లో ఫ్యాను స్విచ్చు కాస్త మినుకుమంటే మర్నాడే బాగుచేయిస్తాం.

అరవై మీటర్ల ముక్క మొత్తం తీసేసి, మధ్యలో అతుకు లేకుండా కొత్తది లాగాం, పైపులో వేసి. వేపచెట్టు దగ్గర అతుకును భూమికి పైన, బోల్టు కనెక్టరుతో, డబ్బాలో పెట్టించాం. స్టార్టరు డబ్బాలో చీమల పుట్టంత మట్టి ఉంది, దులిపించాం. రిలేను మోటరు ప్లేటు మీదున్న ఆంపులకు దించాం, ఫేజు పోతే ఆపే ప్రివెంటరు తగిలించాం. కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద నడిపే అలవాటు బాబాయికి ఉండేది, ఆ వైర్లు నేనే కత్తిరించాను. తిట్టాడు. ఇప్పుడు మోటరు తిరుగుతుంటే 398, 397, 397. ఆంపులు మూడింటిలోనూ ఎనిమిది చిల్లర.

పక్కచేను ఆయన దగ్గరికి బాబాయి తనంతట తాను వెళ్లలేదు. మూడోరోజు ఆయనే గట్టు మీదకొచ్చి, "ఏమయ్యా, నా దగ్గర కూడా ఆ క్లాంపు పెట్టి చూడమను మీవాణ్ణి" అన్నాడు. పెట్టి చూశాం. ఆయనకీ వై ఫేజు ఒకటిన్నర ఆంపు తక్కువ లాగుతోంది. ఇద్దరూ కలిసి వైరు వెంట నడుస్తున్నారు ఇప్పుడు, ఎక్కడ ఆరిందా అని నేల చూసుకుంటూ. మా ఎర్తు గొయ్యి పని ఇంకా మిగిలుంది, కోత కూలీలు దొరికిన వారం దాటాక చేయిస్తాం.