వుజూ నీటి ఒడ్డున తుంగ

అసర్ నమాజ్ ముగిశాక పిల్లలను వెంటబెట్టుకుని చెరువు కట్ట దాకా నడిచి రావడం మా మదర్సాలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఖమ్మం పట్టణాన్ని ఆనుకుని ఉన్న మా ఖానాపురం హవేలిలో ఇప్పుడు పొలాల కంటే ఇళ్లే ఎక్కువ. 2012లో ఖమ్మం నగరపాలక సంస్థగా మారినప్పుడు మా ఊరూ అందులో కలిసిపోయింది. అయినా కట్ట దిగువన ఇంకా కొన్ని వరి మళ్లు మిగిలాయి, సాయంత్రాలు కొంగలు వాలుతూనే ఉన్నాయి.

ఒకరోజు కట్ట మీద ఓ చిన్నవాడు అడిగాడు: "ఉస్తాద్‌జీ, మన ఊళ్లో హవేలి ఎక్కడుంది?" పిల్లలందరూ నవ్వారు గాని ప్రశ్న మంచిదే. హవేలి అనగానే మనకు పెద్ద భవంతి గుర్తుకొస్తుంది. పూర్వపు రెవెన్యూ పరిభాషలో ఆ మాటకు మరో అర్థం ఉంది. అధికార కేంద్రం చుట్టూ ఉండి, జాగీర్దారుల చేతికి పోకుండా నేరుగా సర్కారు ఆధీనంలో ఉండే భూములను హవేలి అనేవారు. మా ఊరి పేరులోని హవేలి అంటే గోడలూ గుమ్మాలూ కావు, నేల. ఈ మాట చెప్పి ఆ పిల్లవాడికి కాళ్ల కింది మట్టిని చూపించాను. వాడు వంగి, మట్టితో పాటు ఒక పచ్చని కాడను పీకి నా చేతిలో పెట్టాడు. అది తుంగ.

నీటి అంచున పెరిగే మొక్కలన్నిటినీ మనం ఒకే గాటన కట్టి గడ్డి అనేస్తాం. కాస్త నిదానించి చూస్తే తేడా తెలుస్తుంది. రెల్లు కాడకు కణుపులుంటాయి. జమ్ముకు ఆకులు బద్దల్లా వెడల్పుగా ఉండి, కాడ చివర గోధుమరంగు కండె వస్తుంది. తుంగ కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లిస్తే గుండ్రంగా దొర్లదు, మూడు అంచులు వేళ్లకు తగులుతాయి. లోపల బోలు ఉండదు, మెత్తని బెండు ఉంటుంది. కాడ కొసన మూడు నాలుగు సన్నని ఆకులు విచ్చుకుని, వాటి నడుమ పూత వస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే కాడను దొర్లించి చూసుకున్నారు. ఆ సాయంత్రపు పాఠం పుస్తకం లేకుండానే సాగింది.

నా బాల్యంలో ఇంట్లో పరుపులు లేవు, తుంగ చాపలుండేవి. ఎండాకాలం రాత్రి దాదీ వాకిట్లో నీళ్లు చల్లి చాప పరిచేది. కాసేపటికి చాపలోంచి చెరువు వాసన లేచేది. ఉదయం లేచేసరికి చెంప మీద చాప గీతలు పడి ఉండేవి. ఆమె నమాజుకు ప్రత్యేకంగా ఒక చాప ఉండేది. మోకాళ్లు, నుదురు ఆనేచోట రంగు మారి నునుపెక్కింది. ఆమె వెళ్లిపోయాక కూడా ఆ మరకలను చూసి ఆమె ఎంత పొడవో చెప్పగలిగేవాళ్లం.

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ఒక సంఘటన ఉంది. ఆయన ఇంటి పెద్దావిడ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచింది. భోజనం తర్వాత ప్రవక్త (స) వారితో కలిసి నమాజ్ చేయడానికి లేచారు. ఆ ఇంట్లో ఉన్నది వాడి వాడి నల్లబడిన చాప. అనస్ (రజి) దాని మీద నీళ్లు చల్లారు. ప్రవక్త (స) దాని మీద నిలబడ్డారు. అనస్ (రజి), ఒక అనాథ బాలుడు వెనుక నిలిస్తే, వారి వెనుక ఆ ముసలమ్మ నిలిచింది. ఆ ప్రాంతపు చాపలు సాధారణంగా ఖర్జూరపు ఆకులతో అల్లినవి, మనవి తుంగతో అల్లినవి. ఎవరి నేల ఇచ్చిన దానితో వారు అల్లుకున్నారు. ఈ హదీసు బోధించిన ప్రతిసారీ నా కళ్ల ముందు నిలిచేది మా దాదీ చాపే. కాని ఎదురుగా కూర్చున్న పిల్లలు ప్లాస్టిక్ చాప మీద కూర్చుని దాన్ని వింటున్నారు. నల్లబడిన చాప అంటే ఎలా ఉంటుందో వారికి తెలియదు.

తుంగ కుటుంబం చిన్నది కాదు. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగిన పాపిరస్ కూడా ఒక తుంగే. దాని కాడలోని బెండును బద్దలుగా కోసి, అడ్డంగా నిలువుగా పరిచి అదిమితే కాగితమయ్యేది. ఇస్లామీయ పాలన తొలినాళ్లలో ఈజిప్టు లెక్కలన్నీ దాని మీదే రాశారు. హిజ్రీ 22, అంటే క్రీ.శ. 643 నాటి ఒక రసీదు నేటికీ వియన్నా గ్రంథాలయంలో ఉంది. ముస్లిం సేన తీసుకున్న 65 గొర్రెలకు రాసిచ్చిన రసీదు అది, గ్రీకులోనూ అరబీలోనూ ఉంది. తీసుకున్న దానికి లెక్క రాసివ్వాలన్న నిజాయితీ ఒక తుంగ కాడ మీద దాదాపు 1400 ఏళ్లు నిలిచింది. ఇక మన పొలాల్లో రైతును ఏడిపించే తుంగ గడ్డలనే యునానీ హకీములు సుఅద్ కూఫీ అనీ, నాగర్‌మోథా అనీ పిలిచి మందుల్లో వాడతారు. ఆయుర్వేదంలో అది తుంగముస్త. ప్రపంచంలోని మొండి కలుపు మొక్కల్లో దాన్ని ముందు వరుసలో చేర్చినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. ఒకే గడ్డ, ఒకరికి మందు, మరొకరికి కలుపు. ఈ మాట నాకు తర్వాత బాగా అర్థమైంది.

చెరువులో పూడిక తీసిన ఒక వేసవి తర్వాత అంచున తుంగ పలచబడింది. పూడిక తీయడం మంచిదే, నీళ్లు నిలిచాయి. మట్టితో పాటు అంచున ఉన్న మొక్కలూ పోయాయి. ఇంకొంచెం అంచును ఇళ్ల పునాదులు మింగాయి. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. మదర్సా వుజూఖానా నుంచి రోజూ ఐదు పూటలా నీరు పారుతుంది. అందులో సబ్బు ఉండదు, మురికి ఉండదు. ఆ నీటితో తుంగ పెంచితే ఏం?

మొదట ఒక నర్సరీకి వెళ్లి తుంగ అడిగాను. గొడుగు పుల్లల్లా ఆకులు విచ్చుకున్న అందమైన కుండీ మొక్క ఇచ్చారు. ఆనందంగా తెచ్చి నాటాక తెలిసింది, అది ఆఫ్రికా నుంచి వచ్చిన అలంకారపు తుంగ అని. చాపకు పనికిరాదు. అయితే అది ఒక వింత నేర్పింది. దాని కొసను కోసి, ఆకులు కత్తిరించి, తలకిందులుగా నీళ్లలో వేస్తే కొద్ది రోజుల్లో వేళ్లు తొడుగుతుంది. పిల్లలు దాని చుట్టూ చేరి రోజూ వేళ్లు లెక్కపెట్టేవారు.

చాప తుంగ దొరికింది మాత్రం మున్నేటి ఒడ్డున. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో లోతట్టు కాలనీలను ముంచెత్తిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నీరు తీశాక, ఇళ్ల బురద కడిగే పనిలో మా పిల్లలు కూడా వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున ఒండ్రులోంచి నిటారుగా లేచిన తుంగ కనిపించింది. వరద అన్నిటినీ పెకిలించిన చోట వేరుతో మట్టిని పట్టుకుని నిలిచింది అదే. నాలుగు దుబ్బులు తవ్వి గోనెసంచిలో తెచ్చుకున్నాం.

పెంచే విధానం ఎవరైనా చేయగలిగినదే. నిలువెత్తు ఎండ పడేచోట ఇటుకలతో 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల తొట్టి కట్టాం. అడుగున చెరువు మట్టి, దానిలో కాస్త మాగిన పశువుల ఎరువు. దుబ్బును విడదీసి, ఒక్కొక్క వేరుముక్కకు రెండు మూడు పిలకలుండేలా చూసి, జానెడు దూరంలో నాటాం. మొలక కొన మట్టిలో కూరుకుపోకూడదు. వేళ్లు పట్టేదాకా మట్టి తడిగా ఉంటే చాలు, తర్వాత రెండంగుళాల నీరు నిలపవచ్చు. తుంగ నీడను సహించదు, ఎండుదలను అసలే సహించదు. రంజాన్ సెలవుల్లో పిల్లలు ఇళ్లకు పోయినప్పుడు వుజూ నీరు తగ్గి కొసలు పసుపుబారాయి. అప్పటి నుంచి సెలవుల్లో తొట్టికి నీళ్లు పోయడం నా పని. దోమలు పెరగకుండా చిన్న చేపలు వదిలాం. పండిన కాడలను మొదలుకంటా కోస్తే కొత్తవి వస్తాయి. రెండు మూడేళ్లకోసారి దుబ్బులను పలచన చేయాలి.

ఈ పలచన చేయడంలోనే నేను తప్పు చేశాను. తొట్టి తొందరగా నిండిపోవడంతో కొన్ని వేరుముక్కలు పీకి, ఎండిపోతాయిలే అని కాలువ పక్కన పడేశాను. వానకు అవి కొట్టుకుపోయి దిగువన ఉన్న వరి మడిలో చేరాయి. ఆ రైతు మా గుమ్మం దాకా వచ్చాడు. "సాయిబు గారూ, మేం పీకలేక చస్తుంటే మీరు కలుపును పెంచుతున్నారా?" అని మాత్రమే అన్నాడు. గొంతు పెంచి ఉంటే నేనూ ఏదో సమాధానం చెప్పేవాణ్ణేమో. ఆయన నెమ్మదితనం నన్ను సిగ్గుపడేలా చేసింది. పొరుగువాడికి హాని కలిగించవద్దని ఏళ్ల తరబడి పిల్లలకు బోధించినవాణ్ణి, హాని అంటే చేతితో చేసేదే అనుకున్నాను. చేయి విదిలించి పారేసినది కూడా హానేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఫజర్ తర్వాత పెద్ద పిల్లలతో కలిసి ఆయన మడిలో దిగాను. మోకాలి లోతు బురదలో వరి ఏది, తుంగ ఏది అని కాడను వేళ్ల మధ్య దొర్లించి చూసుకుంటూ పీకాం. చెరువు కట్ట మీద చెప్పిన పాఠం అక్కడ అక్కరకొచ్చింది. వేరుముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది కనుక మూడు వారాలు వరుసగా వెళ్లాం. తర్వాత తొట్టి నుంచి నీరు పోయేచోట సన్నని జాలీ బిగించాం. పీకిన వేళ్లను ఎండబెట్టి కాల్చేస్తున్నాం. ఆ రైతు ఇప్పుడు పూడిక మట్టి కావాలంటే తానే బండి పంపుతాడు.

ఏడాది తిరిగేసరికి కాడలు ఛాతీ ఎత్తు పెరిగాయి. కోసి, పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి ఎండబెట్టాం. ఎండేకొద్దీ ఆకుపచ్చ పోయి గడ్డిరంగు వచ్చింది. మరి అల్లేదెవరు? తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర పత్తమడై అనే ఊరుంది. తామ్రపర్ణి ఒడ్డు తుంగతో అక్కడి లెబ్బై ముస్లిం కుటుంబాలు మడతపెట్టగలిగేంత సన్నని చాపలు నేస్తాయి. పెళ్లి చాప మీద వధూవరుల పేర్లు కూడా నేస్తారు. ఆ చాపకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంత నేర్పు మాకెక్కడిది? వెతగ్గా వెతగ్గా మా వీధికి నాలుగు వీధుల అవతల, పుట్టింట్లో చిన్నతనాన చాపలు అల్లిన ఒక వృద్ధురాలు ఉందని తెలిసింది. పిల్లలు ఆమెను నానీ అని పిలిచారు. "నా చేతులకు గుర్తుందో లేదో బిడ్డా" అంటూనే వచ్చింది.

నేలలో నాలుగు గుంజలు, రెండు వెదురు కర్రలు, పడుగుగా పురిపెట్టిన దారం. ఎండిన కాడలను నీళ్లలో నానబెట్టి మెత్తబరిచింది. కాడకు మొదలు లావు, కొస సన్నం కదా, అందుకని ఒకదాన్ని ఎడమ నుంచి, మరోదాన్ని కుడి నుంచి దూర్చమంది. లేకపోతే చాప ఒక పక్క ఉబ్బుతుందట. మొదటి రోజు జానెడే సాగింది. అయిదో రోజుకు ఒక పిల్లవాడు సజ్దా చేయడానికి సరిపడే చాప తయారైంది. అంచు కొంత వంకర పోయింది. నానీ విప్పి మళ్లీ అల్లుదామంది గాని పిల్లలు ఒప్పుకోలేదు.

ఆ చాపను ఇప్పుడు హదీసు పాఠం చెప్పే గదిలో ఉంచాం. అనస్ (రజి) సంఘటన వచ్చిన రోజున ఒకరు దాని మీద నీళ్లు చల్లుతారు, చెరువు వాసన లేస్తుంది. మీ మస్జిద్‌లో వుజూ నీరు కాలువలోకి వృథాగా పోతుంటే ఒక చిన్న తొట్టి కట్టి చూడండి. నీరు పోయేచోట జాలీ బిగించడం మాత్రం మరువకండి. మన ఇంటి తుంగ పొరుగువారి మడిలో కలుపు. ఆ చాప వంకర అంచు వైపు నిలబడటానికి మా పిల్లలు ఇప్పటికీ పోటీపడుతున్నారు. దాన్ని అల్లింది తామేనని ప్రతి ఒక్కరి వాదన.