మామయ్యగారి నీళ్ల డబ్బాలు

మన కవులు పలువరుసను దేనితో పోల్చలేదు గనుక! ముత్యాలన్నారు, మల్లెమొగ్గలన్నారు, దానిమ్మగింజలన్నారు. ప్రబంధ పాఠం వచ్చినప్పుడల్లా ఈ పోలికలన్నీ నేను క్లాసులో వరసపెట్టి చెబుతూనే ఉంటాను. అప్పుడు ఒకరిద్దరు పిల్లలు పెదవులు బిగించుకుంటారు. మా పడమటి ప్రాంతంలో, ముఖ్యంగా కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల్లో పెరిగిన చాలామందికి పళ్లమీద పసుపు చారలో, గోధుమరంగు మచ్చలో ఉంటాయి. ఎంత తోమినా అవి పోయేవి కావు.

ఆ మచ్చ శుభ్రం లేక వచ్చింది కాదనీ, తాగిన నీటివల్ల వచ్చిందనీ నాకు చిన్నప్పుడే బోధపరచినవారు మా మామయ్యగారు. అంటే మా మేనత్త భర్త. గిద్దలూరు దగ్గర పల్లె ఆయనది. హైదరాబాదులో దంతవైద్యం చదివి మిలిటరీలో చేరారు. మన సైన్యంలో దంతవైద్యులకు ఒక ప్రత్యేక శాఖ ఉందనీ, అది 1941లోనే ఏర్పడిందనీ చాలామందికి తెలియదు. మా ఊరి రచ్చబండ మీది పెద్దలకు అసలే తెలియదు. “పట్టాలంలో పళ్లు పీకే ఉద్యోగమేమిటయ్యా? తుపాకీ ఇవ్వరా?” అని ఆటపట్టించేవారు. “రొట్టె నమలలేనివాడు తుపాకీ ఏం మోస్తాడు బాబాయ్!” అనేవారు మామయ్యగారు.

మాట సరదాగా అన్నా, అందులో నిజం ఉంది. సైన్యంలో చేరవచ్చే కుర్రవాడికి పళ్లకు కూడా మార్కులు వేస్తారు. కనీసం 14 రావాలి. పైపన్నూ కిందిపన్నూ కలిసి పట్టు ఇస్తున్నాయా అన్నదే లెక్క. “నవ్వితే ఎలా ఉంటాడో మాకక్కరలేదు, కొరికితే ఎలా ఉంటాడో చూస్తాం” అని చెప్పేవారు.

అయితే పెళ్లిచూపులవారు అలా చూడరు కదా! మా అత్త పుట్టి పెరిగింది కనిగిరి తాలూకాలోని మా ఊళ్లోనే. ముందుపళ్లమీద మచ్చలు. ఆ కారణంగానే అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈసారి వచ్చేది సాక్షాత్తూ పళ్ల డాక్టరు అనేసరికి మా నాయనమ్మకు గుండె జారిపోయింది. అత్త తలెత్తలేదట, నోరు విప్పలేదట. పెళ్లికొడుకు ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. కాఫీ తాగి, మా తాతయ్యవైపు తిరిగి, “మీ ఊరి బావి ఎంత లోతండీ?” అన్నారట. పిల్లను చూడవచ్చి బావి సంగతి అడిగిన పెళ్లికొడుకును మా ఊరు అంతకుముందు ఎరగదు, ఆ తరవాతా ఎరగదు. నెల తిరక్కుండా పెళ్లి అయిపోయింది.

బావి సంగతి అడగడానికి కారణం ఉంది. 1937లో షార్టు అనే మిలిటరీ డాక్టరు, పండిట్, రాఘవాచారి అనే ఇద్దరు సహచరులతో కలిసి, నెల్లూరు జిల్లా పల్లెల్లోని జబ్బును గురించి రాశారు. నీటిలోని ఫ్లోరైడు మనుషుల పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తున్నదని మనదేశంలో మొదట బయటపడింది అప్పుడే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. 1970లో అవీ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరూ కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాలు మారాయి గాని బావుల్లో నీళ్లు మారలేదు.

మామయ్యగారికి ఇద్దరు పిల్లలు. కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీల్లేని చోట్ల పనిచేసినప్పుడు అత్తా పిల్లలూ గిద్దలూరులో ఉండేవారు. వారానికొక ఇన్లాండు కవరు తప్పకుండా వచ్చేది. ఎవరికి ఏ పాలపన్ను ఊడిందో, ఏ తారీఖున ఊడిందో రాసి పంపాలని ఆయన ఆజ్ఞ. “పన్ను ఇంటికప్పు మీదికి విసరండి, తారీఖు మాత్రం నాకు పంపండి” అని రాసేవారు. ఆ లెక్కంతా ఒక చిన్న నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. సెలవుమీద మీటరు గేజి బండి దిగి ఇంటికి వస్తే, బూట్లు విప్పకముందే పిల్లల్ని వెలుతురుకు నిలబెట్టి నోళ్లు తెరిపించేవారు.

ఒక ఎండాకాలం ఆయన పిల్లల్ని తీసుకుని మా ఊరు వచ్చారు. బస్సుమీద నుంచి మూటలతోపాటు రెండు పెద్ద నీళ్ల డబ్బాలు దిగాయి. పరీక్ష చేయించిన బావి నీళ్లట. నాయనమ్మ మొహం చిన్నబోయింది. అల్లుడు అత్తవారింటికి నీళ్లు తెచ్చుకోవడమా! “కాచి ఇస్తాను నాయనా, మా బావిని వెలివేయకు” అన్నది.

“కాస్తే క్రిములు చస్తాయి అత్తయ్యగారూ, ఫ్లోరైడు చావదు. నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కనవుతుంది” అని, ఆవిడ చేతిలోని చెంబు అందుకుని, మా బావినీళ్లు గటగటా తాగేశారు. “నా పళ్లు ఏనాడో తయారైపోయాయి. ఈ చెంబెడు నీళ్లు నన్నేమీ చేయవు. పిల్లల పళ్లు ఇంకా చిగుళ్ల కిందే తయారవుతున్నాయి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్లను ఈ నీటికి దూరంగా ఉంచాలి.”

నాయనమ్మ ఆ రాత్రికల్లా మెత్తబడింది. మా నాన్న మాత్రం నిద్రపోలేదు. ఎందుకంటే ఆయన మామయ్యగారిని మరో ప్రశ్న అడిగారు: “మరి మా నాన్న నడుం?” అప్పటికే తాతయ్య వంగి చెప్పులు తొడుక్కోలేడు, మెడ తిప్పలేడు. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే కీళ్లూ వెన్నూ బిగుసుకుపోతాయనీ, బిగుసుకున్నాక మందు లేదనీ మామయ్యగారు దాచకుండా చెప్పారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. నల్లరాతిలోంచి వచ్చే మా నీటికి ఆ హద్దు ఎవరు చెబుతారు?

వానాకాలం రాకముందే నాన్న పెరట్లో సిమెంటు తొట్టి కట్టించారు. ఇంటికప్పు మీది వాననీరు అందులో పడేది. తాగడానికీ వంటకూ అవే నీళ్లు. నాకు అప్పటికి ఆరేళ్లు. నా ముందుపళ్లకు ఆ తొట్టి అందిరాలేదు. చెల్లెలు ఏడాది పిల్ల. ఈనాడు మేమిద్దరం పక్కపక్కన నిలబడి నవ్వితే ఆ తొట్టి ఎప్పుడు కట్టారో ఎవరైనా చెప్పగలరు.

అత్త పళ్లకు తొడుగులు వేయడం మామయ్యగారికి ఒక పూట పని. “నీకు కావాలంటే వేస్తాను. నాకోసమైతే వద్దు” అన్నారట. ఆమె వేయించుకోలేదు. అయినా నలుగురిలో నవ్వేటప్పుడు పైట అడ్డం పెట్టుకోవడం మానలేదు. కూతురి పెళ్లిలో ఫొటోగ్రాఫరు, “అమ్మగారూ, కాస్త నోరు మూసుకుని నవ్వండి” అన్నాడు. మామయ్యగారు ఎవరిమీదా గొంతెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే. “ఆవిడ ఎలా నవ్వితే అలాగే తియ్యి” అన్నారు. ఆ ఫొటోయే ఇప్పుడు వాళ్ల హాల్లో ఉంది.

రిటైరయ్యాక సికిందరాబాదులో స్థిరపడతారనుకున్నాం. మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసుకుని వచ్చినవారి పళ్లు చూస్తారు. ఎక్కడ నొప్పి అని అడిగేముందు, ఏ నీళ్లు తాగుతున్నారని అడుగుతారు. పటికా సున్నమూ కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే నల్గొండ పద్ధతిని వివరిస్తారు.

పసిపిల్లల తల్లులు వస్తే మాత్రం ఆయన మాట్లాడరు, లోపలికి కేకేస్తారు. మా అత్త వచ్చి తల్లి పక్కన కూచుంటుంది. పైట అడ్డం పెట్టుకోకుండా, తన పళ్లు చూపించి మరీ చెబుతుంది.