పన్నెండో పేరు



హైటెక్ సిటీ ఆఫీసుల్లో చాలా లిఫ్టుల లోపల ఒక బోర్డు ఉంటుంది: 13 మంది, 884 కిలోలు. మనిషికి 68 కిలోల చొప్పున వేసిన లెక్క అది. సరిగ్గా పదమూడు మంది ఎక్కాలని కాదు, అంతకు మించకూడదని. ఆరుగురెక్కినా లిఫ్టు కదులుతుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఫౌండేషన్ పుస్తకంలోని రేఖీయ అసమీకరణాలు ఇలాంటివే.

గుర్తులతో ఇచ్చిన లెక్కలు తను చకచకా చేసేస్తుంది. మాటల్లో ఇస్తేనే తికమక. 'కనీసం' అనగానే చిన్నది అనుకుని గుర్తు తిప్పేసేది. 'కనీసం పది' అంటే పది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే తప్పు.

మొన్న తన పుట్టినరోజుకు "రెండు వేలకు మించొద్దు, లెక్క నువ్వే వేసుకో" అన్నాను. కేకు 650, ఒక్కొక్కరి తిండికి 120 అని కాగితం మీద రాసుకుంది.

650 + 120 × పిల్లలు ≤ 2000

650 తీసేస్తే 1350. దాన్ని 120తో భాగిస్తే 11.25. పావు మనిషిని పిలవలేం కాబట్టి 11 మందే. పన్నెండో మనిషి వస్తే 2090 అవుతుంది. (అదే 12 మందిని కారుకు ఐదుగురి చొప్పున తీసుకెళ్లాలంటే 2.4 వస్తుంది. అక్కడ రెండు కార్లు చాలవు, మూడు కావాలి. ఎటు సవరించాలో అంకె చెప్పదు, సందర్భం చెబుతుంది.)

తన జాబితాలో మాత్రం 12 పేర్లున్నాయి. చివరిది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అమ్మాయిది. రోజూ సాయంత్రం ఇద్దరూ సెల్లార్‌లో కలిసి ఆడుకుంటారు. నిజం చెప్పాలంటే, ఒక పేరు తీసేయాలి అనగానే నాకు తోచింది ఆ పేరే. పైకి అనలేదు, కానీ అనుకున్నాను.

అది కాసేపు కాగితం చూసి అడిగింది: "అమ్మా, కేకు 650దే ఎందుకు కావాలి?"

లెక్క తిరగరాసింది. ఈసారి పిల్లలు 12 అని ఖాయం చేసుకుని, కేకు ధర కనుక్కుంది. 12 × 120 అంటే 1440. మిగిలింది 560. కేకు అంతకు మించకూడదు. 540కి ఒకటి దొరికింది. మొత్తం 1980.

గణితం అదే, హద్దూ అదే. ఏది మారకూడదో ముందు తేల్చుకుంది, అంతే. ఆ పని నేను చేయలేకపోయాను.

ఈ నెల మీరూ మీ పిల్లలకు ఒక హద్దు చెప్పి చూడండి. కూరగాయలకు 500 లోపు అనండి, లేదా స్కూల్‌కు కనీసం పది నిమిషాల ముందు చేరాలి అనండి. లెక్క వాళ్లకే వదిలేయండి. అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు?"