చుక్కను నమ్ముకుని

పోపుల డబ్బా మీద కూడా ఏనాడూ పేర్లు రాసుకోనిదాన్ని, ఇప్పుడు ప్రతి చిరుతిండి పొట్లం వెనక్కి తిప్పి అక్షరం అక్షరం చదువుతున్నాను.

మేముండేది నార్త్ కరోలినాలో. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం రాత్రి మేకమాంసం కూర తిని పడుకున్న మా ఆయన, అయిదు గంటల తర్వాత ఒళ్ళంతా దద్దుర్లతో, వాచిన పెదాలతో లేచారు. అంబులెన్సు పిలిచాం. తర్వాత అలర్జీ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య టిక్ ఏమైనా కుట్టిందా?" అని. మన పశువులకు పట్టే పిడుదు లాంటిదే అది. పెరట్లో గోంగూర మడి దగ్గర కుట్టింది. ఇక్కడి లోన్‌స్టార్ టిక్‌లలో ఆడదానికి వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే చక్కెర పడకుండా పోతుందట. మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలన్నిటిలోనూ అది ఉంటుంది. కోడి, చేపల్లో ఉండదు. తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత గాని బయటపడదు కాబట్టి, తిండి మీదికి అనుమానమే పోదు. కొందరికి పాలు కూడా పడవు. మా ఆయనకూ పడలేదు.

మాంసం మానేశాం, పాలు మానేశాం. ఇక భయం లేదనుకున్నాను. ఒక సాయంత్రం ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన మసాలా చిప్స్ పెట్టాను. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంది కదా అని చదవలేదు. ఆ రాత్రి మళ్ళీ కడుపునొప్పి, దద్దుర్లు. తెల్లారాక చెత్తబుట్టలోంచి పొట్లం తీసి చూస్తే, మసాలాలో పాలపొడి! ఆకుపచ్చ చుక్కకు పాలు, నెయ్యి అడ్డు కావు. చిన్నప్పటి నుంచీ నమ్మిన చుక్క. తప్పు దానిది కాదు, నాది.

ఇక్కడి పొట్లాల మీద పాల పేరు తప్పక వేయాలని చట్టం ఉంది. తప్పక చెప్పాల్సిన 9 అలర్జీల్లో మాంసం లేదు. మార్ష్‌మాలోల్లో, గమ్మీల్లో జెలటిన్ అని ఉంటుంది, ఏ జంతువుదో చాలాసార్లు ఉండదు. "నేచురల్ ఫ్లేవర్స్" అన్న రెండు మాటల వెనక మాంసం సారం కూడా ఉండొచ్చు. అనుమానం వస్తే పొట్లం మీది నంబరుకు ఫోన్ చేస్తాను. జవాబు తేలకపోతే కొనను. ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ మాత్రం ఎప్పుడూ సంచీలోనే.

మొన్న సంక్రాంతికి తెనాలి నుంచి అత్తయ్య ఎవరితోనో జంతికలు పంపారు. పొట్లం మీద ఆవిడ చేతిరాత: "వెన్న వేయలేదు. కాచిన నూనె పోసి కలిపాను. అబ్బాయి తినవచ్చు."

అయినా ఉండబట్టలేక ఫోన్ చేశాను. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. మూకుడు నేతిది కాదు కదా?"

"కొత్తది కొన్నానమ్మా," అన్నారు.